నాలుగో కాపీ

“నోరు ఇంకొంచెం తెరవండి,” అన్నాడు డెంటిస్ట్.

కుర్చీలో వెనక్కి వాలిన మనిషి, ఒక కంప్యూటర్ సంస్థలో డేటా భద్రపరిచే స్టోరేజ్ ఆపరేటర్, బుద్ధిగా తెరిచాడు. దవడ పన్ను వారం నుంచి ప్రాణం తోడేస్తోంది. సాయంత్రం ఒక మనిషిని కలిసి ముఖ్యమైన సంగతి చెప్పాలి. పంటి నొప్పితో మాట సరిగ్గా రాదేమోనని భోజనాల విరామంలో ఇటు పరుగెత్తుకొచ్చాడు.

సూది చిగుళ్లలో దిగింది. ముందు పెదవి మొద్దుబారింది, తర్వాత చెంప, తర్వాత మెడ. పంటికిచ్చిన మందు మెడదాకా ఎందుకు పాకుతోందని అడగబోయాడు. నాలుక కదల్లేదు. డెంటిస్ట్ మాస్కు తీయకుండానే గ్లవ్స్ విప్పి బుట్టలో వేశాడు, చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు, రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయితో “కాసేపు కదిలించకండి, మందు పట్టాలి” అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు. అసలు డెంటిస్ట్ ఎక్స్-రే గదిలో, నోటి నిండా దూదితో, కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్నాడు.

* * *

“ఇది నిన్నటి సంగతి,” అన్నాడు చీఫ్, శవం ఫోటోను బల్లమీద ముందుకు తోస్తూ.

ఏజెంట్ మౌని ఫోటో చూశాడు. అతని అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. పది మాటలడిగితే ఒక్కదానికి బదులిస్తాడని తోటివాళ్లు పెట్టిన పేరే స్థిరపడిపోయింది.

“మన ఫీల్డ్ రిజిస్టర్ దొంగల చేతిలో పడింది,” అన్నాడు చీఫ్. “విదేశాల్లో మారుపేర్లతో పనిచేసే మనవాళ్లందరి మొహాలూ, చిరునామాలూ, వాళ్లని వెనక్కి పిలిచే సంకేతాలూ అందులోనే ఉన్నాయి. ఎత్తుకెళ్లింది విదేశీ ముఠా. పోతూ పోతూ మన దగ్గరున్న కాపీలన్నీ తుడిచిపెట్టి మరీ పోయారు.”

“ఇప్పుడెక్కడుంది సార్?”

“ఒక సర్వర్ ఫామ్‌లో. వందల సర్వర్లని కలిపి ఒకే మెషీన్‌లా నడుపుతారే, క్లస్టర్, దాని మీద. అందులో అద్దెకిచ్చే గదుల్లాంటివి కంటైనర్లు. ఏదో ఒక కంటైనర్లో దాచారు. ఈయన అక్కడి స్టోరేజ్ ఆపరేటర్. ఏదో చెప్పడానికే నిన్న సాయంత్రం మనవాణ్ణి కలవాల్సింది.”

“వాళ్ల దగ్గర లిస్టు ఉండదా?”

“ఉంటే నిన్నెందుకు పిలుస్తాను? చిన్నా చితకా కంపెనీల్ని మింగి పెరిగిన సంస్థ అది. ఒక్కో క్లస్టర్‌కి ఒక్కో పద్ధతి. మొత్తం తెలిసినవాడు ఈయనొక్కడే. ఈయన పోయేసరికి వాళ్లకి చేతులు విరిగినట్టయింది. కంటైనర్లన్నిటినీ ఒకచోట చూపించే టూల్ రాయడానికి కాంట్రాక్ట్ ఇంజనీర్ కావాలని ఇవాళే అడిగారు. ఆ ఇంజనీర్ నువ్వు.”

మౌని తలాడించాడు.

“కరెంటు పీకేద్దామంటే వీల్లేదు. ఆస్పత్రుల రికార్డులు కూడా వాటిమీదే నడుస్తున్నాయి. శుక్రవారం నాలుగింటికి ముఠా వేలం పెడుతోంది. పాడుకున్నవాడికి ఆ కంటైనర్ తెరుచుకుంటుంది.” చీఫ్ గొంతు తగ్గించాడు. “అందులో నీ చెల్లెలుంది.”

“తెలుసు సార్.”

ఇలాంటి మాట వింటే ఏ అన్నకైనా గుండె దడదడలాడాలి. మౌనికి ఏమీ కాలేదు. రెండేళ్ల క్రితం ఒక ఆపరేషన్‌లో పక్కనే నడుస్తున్న స్నేహితుడు కూలిపోయాడు. ఆ సాయంత్రమే మౌని రిపోర్టు రాసిచ్చి, కడుపు నిండా తిని, హాయిగా నిద్రపోయాడు. అప్పటినుంచి లోపల ఏదీ కదలడం లేదు. తల్లి పోయినప్పుడు కూడా చేయాల్సిన పనులన్నీ లోటు లేకుండా చేశాడు, కన్ను తడవలేదు. “నాకు నీ దగ్గర ఉండాలంటే భయంగా ఉందన్నయ్యా,” అని చెప్పి చెల్లెలు విదేశీ పోస్టింగ్ అడిగి తీసుకుంది. ఆమె ఏ దేశంలో, ఏ పేరుతో ఉందో అతనికి తెలియదు. తెలిసింది ఒక్క రిజిస్టర్‌కే.

“అది చెక్కుచెదరకుండా తిరిగి రావాలి,” అన్నాడు చీఫ్. “అది నాశనమైతే బయటున్న వాళ్లకి కబురు పెట్టే దారి ఉండదు. నీ చెల్లెలికి కూడా.”

* * *

గాడ్జెట్ల విభాగం వాళ్లు మౌనికి ఒక నకిలీ పొట్ట, ఒక నకిలీ బట్టతల, చెవిలో పెట్టుకుని చీఫ్‌తో మాట్లాడే శనగగింజంత రిసీవర్ ఇచ్చారు. వాటన్నిటికంటే వాళ్లు మురిసిపోయిన వస్తువు కళ్లజోడు. ఫ్రేమ్‌లో కెమెరా. అతను చూసేదంతా సర్వర్ ఫామ్ లోపల ఉన్న మన మనిషి ఫోన్లో కనిపిస్తుంది. ఆ మనిషి కోడ్ నేమ్ పగడం.

సర్వర్ ఫామ్ బయటికి గోడౌన్‌లా ఉంది, లోపల ఆస్పత్రిలా ఉంది. తెల్లటి కారిడార్లు, కార్డు గీకితే గాని తెరుచుకోని తలుపులు, ప్రతి గదిలోనూ ఏసీ చలి. స్వెటర్ లేకుండా వచ్చినవాణ్ణి చూసి సెక్యూరిటీ గార్డు జాలిపడ్డాడు.

ప్రింటర్ దగ్గర నిలబడ్డ మనిషిని చూడగానే ఆమే పగడమని మౌనికి అర్థమైంది. ఆ బూడిదరంగు ఆఫీసులో ఆమె ఒక్కతే రంగుల్లో ఉంది. ఎర్రటి స్కార్ఫు, దానికి జోడీగా లిప్‌స్టిక్, ఎవరి కోసమో ఇంతసేపూ ఎదురుచూసినట్టు నవ్వే నవ్వు. బోర్డు మీద ‘కస్టమర్ రిలేషన్స్’ అని ఉంది. ఆ డెస్కుకు ఆమె ఒక్కతే.

“ఈ ప్రింటర్లో కాగితం ఎప్పుడూ ఇరుక్కుంటుందా అండీ?” అన్నాడు మౌని.

“మంగళవారాలు మాత్రం బుద్ధిగా ఉంటుంది,” అందామె. కోడ్ సరిపోయింది. “వచ్చేశారా ఇంజనీర్ గారూ. మా డైరెక్టర్ గారికి మీరంటే అప్పుడే బెంగ పట్టుకుంది.”

పని మొదలైంది. గూఢచారి పని అంటే అందరూ కార్ల ఛేజింగులనుకుంటారు. మౌని నాలుగు రోజులు కుర్చీలోంచి కదల్లేదు. ఒక్కో సర్వర్‌నూ “నీ దగ్గర ఏమేం కంటైనర్లున్నాయి?” అని అడిగే ప్రోగ్రామ్ రాశాడు. కొన్ని సర్వర్లు వెంటనే చెప్పాయి. కొన్ని కొత్త అల్లుడిలా ఎంత బతిమాలినా నోరు విప్పలేదు; వాటికి వేరే భాషలో అడగాల్సి వచ్చింది. బుధవారానికి మొత్తం క్లస్టర్ జవాబిచ్చింది. లిస్టు స్క్రీన్‌మీద పరుగెత్తింది.

డైరెక్టర్ వచ్చి చూసి కళ్లు నులుముకున్నాడు. “ప్రతి పేరూ మూడుసార్లు వస్తోందేంటయ్యా?”

“ప్రతి కంటైనర్‌కీ మూడు కాపీలుంటాయి సార్, మూడు వేరే సర్వర్ల మీద. ఒకటి పాడైనా రెండు మిగులుతాయని.”

“అవన్నీ నాకెందుకు? నాకు తల తిరుగుతోంది.”

“పేరు ఒకటే అయితే ఒక్కసారే చూపించండి ఇంజనీర్ గారూ,” అంది పక్కనుంచి పగడం. “నీట్‌గా ఉంటుంది.”

కంప్యూటర్ల పనిలో ఉన్నవాళ్లెవరైనా అదే మాట అంటారు. ఒకే పేరు పదేపదే కనిపిస్తే వాళ్లకి చెయ్యి దురద. మౌని కూడా ఆ మార్పు చేయాలనే అనుకుంటున్నాడు. ఒక్క లైను రాశాడు. లిస్టు మూడో వంతుకు తగ్గి, చూడముచ్చటగా తయారైంది. డైరెక్టర్ భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ చక్కటి లిస్టును మౌని గురువారమంతా వెతికాడు. ప్రతి కంటైనర్‌కూ ఒక ఓనరున్నాడు, ప్రతి ఓనరూ నిజమైనవాడే. అనుమానించడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు పగడం అతని కుర్చీమీదికి వంగి ఒక పేరు మీద ఎర్రటి గోరు పెట్టింది.

“ఇది చూడు. ‘పాతవి, ముట్టుకోవద్దు’ అట. ఓనరు ఫోన్ ఎత్తడం లేదు. నాకెందుకో దీనిమీదే అనుమానం.”

దాని పాస్‌వర్డు ఛేదించేసరికి శుక్రవారం మధ్యాహ్నమైంది. లోపల ఒక ఫోటోగ్రాఫర్ దాచుకున్న పెళ్లి వీడియోలున్నాయి. ఎవరో పెళ్లికొడుకు, ఎవరో పెళ్లికూతురు, అందరికంటే ఎక్కువగా వంటవాళ్లు.

“ప్చ్,” అంది పగడం. “నువ్వు చేయగలిగింది చేశావు. మీ చెల్లెలి సంగతి తల్చుకుంటే బాధగా ఉంది.”

“నాకు ఉండాల్సింది,” అన్నాడు మౌని.

* * *

మౌనికి ఒక అలవాటుంది. దేన్నైనా శుభ్రం చేసేముందు దాని మురికి కాపీ ఒకటి పక్కన పెట్టుకుంటాడు. బుధవారం నాటి అసలు లిస్టు, ప్రతి పేరూ మూడుసార్లు కనిపించేది, అతని మెషీన్‌లో అలాగే ఉంది. వేరే పని లేక దాన్ని తెరిచాడు.

వేల లైన్లు. ఒకే పేరు, ఒకే పేరు, ఒకే పేరు. మరో పేరు, మరో పేరు, మరో పేరు. మామూలు మనిషి పావుగంటలో విసిగిపోయి లేచేవాడు. విసుగు రావడానికైనా మనిషి లోపల ఏదో కొంచెం మిగిలి ఉండాలి. మౌని తొణక్కుండా చదువుకుంటూ పోయాడు. మూడు, మూడు, మూడు, మూడు. ఒక ఆస్పత్రి ఎక్స్-రేల కంటైనర్ దగ్గర వేలు ఆగింది.

నాలుగు.

పైకీ కిందికీ చూశాడు. నాలుగే. మూడు కాపీలను క్లస్టర్ తనంతట తాను పెట్టింది. నాలుగోదాన్ని ఎవరో చేత్తో తెచ్చి, ఒక సర్వర్‌లో ఒకే ఒక్క డిస్కు మీద పెట్టి, ఆస్పత్రి పేరు తగిలించారు. పేరొకటే కాబట్టి ఏ టూల్ రాసినా అది మిగతావాటిలో కలిసిపోతుంది. నీటుగా కలిపేసింది తన చెయ్యే. పెట్టినవాళ్ల లాగిన్ పక్కనే ఉంది: కస్టమర్ రిలేషన్స్ డెస్క్.

మౌని కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని చూశాడు. తను చూసిందంతా పగడం కూడా చూసి ఉంటుంది. దాన్ని కీబోర్డు మీద పెట్టి, పొట్ట సర్దుకుని లేచాడు. నాలుగవడానికి ఇంకా పావుగంట కూడా లేదు.

“సార్,” అన్నాడు కారిడార్లో నడుస్తూ, గొంతు పెదవి దాటకుండా. “దొరికింది. పగడం వాళ్ల మనిషి.”

చెవిలో చీఫ్, “దాన్ని బయటికి కాపీ చెయ్యి,” అన్నాడు.

“గంట పడుతుంది. డిస్కు పీకేస్తాను.”

“పీకితే ఆస్పత్రి?”

“ఆ డిస్కు మీద ఇంకెవరిదున్నా వాళ్లకి వేరేచోట రెండు కాపీలున్నాయి. లేనిది వీళ్లకే.”

“సరే. డిస్కు పగలకూడదు. వింటున్నావా? భద్రంగా తీసుకురా.”

సర్వర్ హాల్ తలుపు తెరవగానే వేల ఫ్యాన్ల హోరు. రెండు వైపులా మనిషికంటే ఎత్తైన ర్యాకులు, మధ్య ఇరుకు దారులు, అన్నిటిమీదా పచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. మౌని తను వెతికే సర్వర్‌ను చేరి, ముందువైపు సొరుగులా ఉన్న ట్రేని లాగాడు. డిస్కు చేతిలోకొచ్చింది. వేడిగా, అరచేయంత ఉంది. సర్వర్ మీద ఒక పచ్చ లైటు నారింజ రంగులోకి మారింది. అంతమంది మనుషుల ప్రాణాలు అందులో ఉన్నాయి. మౌని దాన్ని టిఫిన్ డబ్బాలా పట్టుకున్నాడు.

తిరిగి చూసేసరికి దారికి ఆ చివర పగడం నిలబడి ఉంది. పక్కన తెల్లకోటు వేసుకున్న మనిషి. చేతిలో సిరంజి.

“ఇటివ్వు,” అంది పగడం, హోరును మించేలా గొంతు పెంచి. “తిరిగి పెట్టడానికి టైముంది. తుపాకీ తీసి గొడవ చేయడం నాకిష్టం లేదు, బయట సెక్యూరిటీ ఉంది.”

బయటికి పోయే తలుపు ఒక్కటే. అది వాళ్ల వెనక ఉంది; కార్డు గీకి తెరిచేలోపల వాళ్లు మీదపడతారు. దానికి ఇటుపక్క, గోడకు ఆనించి, బీరువా అంత యంత్రం: డిస్క్ క్రషర్. ఏ పాత డిస్కూ ముక్కలు కాకుండా ఈ హాల్లోంచి బయటికి పోకూడదని ప్రతి సర్వర్ ఫామ్‌లోనూ పెట్టుకునే నియమం. నోట్లో డిస్కు పెట్టి ఆకుపచ్చ బటన్ నొక్కి పట్టుకుంటే పిండి చేస్తుంది. పని సగంలో బటన్ వదిలితే ఆగిపోతుంది.

మౌని నడవడం మొదలుపెట్టాడు.

ఎదురుగా చావు నిలబడితే మనిషి ఆగుతాడు, కనీసం తడబడతాడు. పగడం దానికోసమే చూసింది. ఇతను కాఫీకి వెళ్తున్నట్టు నడిచొస్తున్నాడు. డిస్కు గుండెకు ఆనించి ఉంది. దానికి దెబ్బ తగిలితే వేలం గోవిందా. ఏం చేయాలో ఆమెకు తోచేలోపల అతను ఆమె పక్కనుంచి దాటి క్రషర్ దగ్గరికి చేరాడు.

“ఆగు,” అంది పగడం. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. “మీ చెల్లెలు తిరిగొచ్చే దారి అందులోనే ఉంది. అది పిండైతే ఆమెకి నీ గొంతు కూడా చేరదు. జన్మలో.”

“అవును,” అన్నాడు మౌని.

“మౌనీ, ఏం చేస్తున్నావు?” అన్నాడు చెవిలో చీఫ్.

“ఇక్కడ ఫ్యాన్ల చప్పుడు సార్. ఏమీ వినపడట్లేదు.”

డిస్కును క్రషర్ నోట్లో వేసి బటన్ నొక్కాడు. లోపల ఇనప దవడలు నింపాదిగా కదిలాయి. వాటికి తొందరేముంది?

తెల్లకోటు ఒక్క దూకులో వచ్చి సిరంజిని మెడకు గురిపెట్టాడు. మౌని భుజం ఎగరేశాడు. సూది భుజంలో దిగింది. చల్లటిదేదో మోచేతి దాకా, అక్కణ్ణుంచి వేళ్ల దాకా జారింది. బటన్ మీద ఉన్న వేలు తనదో కాదో తెలియలేదు. పాపం ఆ ఆపరేటర్ చిగుళ్లలో మొదలైన మందే ఇది, అనుకున్నాడు. మోకాళ్లు మడతపడుతుంటే ఆ చచ్చిన చేతిమీదికి తన బరువంతా వాల్చాడు. నకిలీ పొట్ట యంత్రానికీ అతనికీ మధ్య ఇరుక్కుని అతన్ని జారనివ్వలేదు. పగడం వచ్చి చెవి పక్కనున్న జుట్టు పట్టి లాగింది. నకిలీ బట్టతల ఊడి ఆమె చేతిలోకొచ్చింది.

గోడగడియారం నాలుగు చూపించబోతోంది. లోపల ఏదో పెళుక్కుమంది. క్రషర్ కింది పళ్లెంలోకి గులకరాళ్లలా ముక్కలు రాలాయి.

వెంటనే అలారం మోగింది. ముందుగా చెప్పకుండా క్రషర్ నడిపితే హాలు తలుపు దానంతట అదే బిగుసుకుపోతుంది. అద్దంలోంచి సెక్యూరిటీ గార్డు, అతని వెనక డైరెక్టర్ లోపలికి చూస్తున్నారు. పగడం చేతిలోని విగ్గును, కింద పడున్న మౌనిని మార్చి మార్చి చూసి, ఎర్రటి స్కార్ఫు సర్దుకుంది.

“నీకు మనుషులంటే ఏమీ లేదు కదూ,” అంది.

మౌనికి నాలుక కూడా మొద్దుబారిపోయింది. సగం మందే దిగింది కాబట్టి ప్రాణం మాత్రం ఉంది.

* * *

“నిన్ను సస్పెండ్ చేద్దామంటే నీ ఫైలు లేదు,” అన్నాడు చీఫ్. “అది కూడా ఆ రిజిస్టర్లోదే.”

వేలానికొచ్చినవాళ్లు ఖాళీ స్క్రీన్ చూసి వెళ్లిపోయారు. ముఠా చెల్లాచెదురైంది. బయటున్న మనవాళ్లలో ఒక్కరి పేరూ బయటపడలేదు. వాళ్లెక్కడున్నారో ఇప్పుడు మనకీ తెలియదు. వాళ్ల సంకేతాలకు బదులివ్వడం ఎలాగో తెలిసినవాడు లేడు. సెలవు అడిగినా జవాబు రాకపోయేసరికి, గొడవ పెట్టుకోవడానికి ఒక్కొక్కరే నేరుగా ఆఫీసుకొచ్చారు. వచ్చినవాడు మన మనిషో, ముఠా పంపిన మనిషో చెప్పడానికి కాగితం ముక్క లేదు. కాబట్టి చీఫ్ ఒక పద్ధతి పెట్టాడు: మొహం తెలిసినవాళ్లు ఎదురుగా నిలబడి గుర్తుపట్టాలి. ట్రైనింగ్ సెంటర్లో కొన్నాళ్లు పాఠాలు చెప్పిన మౌనికి ఆ పని అంటగట్టారు.

అతను రిసెప్షన్‌లో కూర్చుని మొహాలు చూసేవాడు. అవును, కాదు, అవును. కుడిచేతి వేళ్లలో స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. చెల్లెలి గురించి ఎవరైనా అడిగితే “తెలీదు” అనేవాడు. అలా అనడం కష్టంగా కూడా ఉండేది కాదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మాత్రం అటు చూసేవాడు. వేసవి పోయింది, వానలు పోయాయి.

ఒక పొద్దున తలుపు తెరుచుకుని పొట్టి జుట్టు మనిషి లోపలికొచ్చింది. ఒంటిమీద ఎవరిదో వదులైన కోటు, చేతిలో జిప్పు తెగిన బ్యాగు. రిసెప్షనిస్టుతో తగువు వేసుకుంటోంది. “రుజువంటే ఎక్కణ్ణుంచి తేనండీ? మూడు సరిహద్దులు దాటొచ్చాను. మా అన్నయ్య ఇక్కడే పనిచేస్తాడు, పిలవండి.”

మౌని లేవబోయాడు. లేవలేకపోయాడు. అప్పుడొచ్చింది భయం. క్రషర్ ముందు రావాల్సింది, చీఫ్ గదిలో రావాల్సింది, తల్లి మంచం పక్కన రావాల్సింది, అంతా ఒక్కసారే వచ్చిపడింది. ఈమె తిరిగి రాకపోయుంటే? ఎక్కడో పేరు లేకుండా పోయుంటే? పళ్లు టకటకలాడాయి. చేతులు బల్లకేసి కొట్టుకున్నాయి. బల్లమీది పెన్నులన్నీ కిందపడ్డాయి. అతను గొంతెత్తి ఏడ్చాడు, చిన్నపిల్లాడు తప్పిపోయి దొరికినప్పుడు ఏడ్చినట్టు, సిగ్గు లేకుండా.

ఆమె బ్యాగు వదిలేసి వచ్చి అతని తల పొట్టకు అదుముకుంది. చాలాసేపు ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆఫీసంతా పని ఆపి చూసింది. చూడనట్టు నటించడం గూఢచారులకు వచ్చిన విద్యే అయినా, ఆ రోజు ఎవరూ నటించలేదు.

చీఫ్ తన గదిలోంచి వచ్చాడు. “ఈమె మన మనిషేనని నువ్వు చెప్తున్నావు. సరే, నమోదు చేస్తాను. కానీ నీ ఫైలు కూడా లేదుగా. నువ్వు మన మనిషివని చెప్పేదెవరు?”

“మా చెల్లెలు, సార్,” అన్నాడు మౌని, ముక్కు తుడుచుకుంటూ.

చీఫ్ ఆమె వైపు తిరిగాడు. ఆమె కళ్లు ఒత్తుకుని, అన్నను ఎగాదిగా చూసింది.

“ఈయనా?” అంది. “ఈయన్నెప్పుడూ చూళ్లేదండీ.”